నాన్న తలలో గడ్డ వయసు

మా ఇంట్లో దెబ్బలకు ఒక వేళ ఉండేది. సాయంత్రం గని నుంచి షిఫ్టు బస్సు కొండ దిగి వచ్చి మా క్వార్టర్ల లైను చివర బ్రేకు వేసేది. ఆ చప్పుడు వినగానే అమ్మ పొయ్యి మీద ఉన్నదాన్ని దించి, మూతపెట్టి, గోడ మూలకు నెట్టేసేది. ఉడుకుతున్నది ఏదీ నాన్న చేతికి అందకూడదని. ఒకసారి పప్పుగిన్నె ఆమె భుజం మీదికి వచ్చింది. అక్కడి తోలు ఇప్పటికీ ముడతలు పడి ఎర్రగానే ఉంటుంది. నేను పుస్తకాలు పట్టుకుని మంచం కిందికి దూరేదాన్ని. సిగ్గు విడిచి చెబుతున్నాను, అమ్మను ఆయనకు వదిలేసి దూరేదాన్ని.

మాది కిరందుల్, హిందీ మాట్లాడే రాష్ట్రంలో ఒక గని ఊరు. నాన్న శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇనుపగని వర్క్‌షాపులో వెల్డరుగా కుదిరాడు. అమ్మది అదే రాష్ట్రంలో తెలుగు సరిహద్దున ఉన్న భోపాల్‌పట్నం, మిరపతోటలవాళ్ళ ఇల్లు. నాన్న తిట్టేది ఒక తెలుగు, అమ్మ బతిమాలేది ఇంకో తెలుగు, గోడ అవతల నుంచి పక్కింటాయన "అరే భాయ్, బస్ కరో" అనేది హిందీ. ఆ భాయ్ ఏనాడూ గోడ దాటి రాలేదు. పొద్దున కుళాయి దగ్గర అమ్మ ముఖం చూసి వాళ్ళావిడ "జారిపడ్డారా భాభీ" అని అడిగేది. అవును, జారిపడ్డానని అమ్మ చెప్పేది. రెండు గదుల క్వార్టరులో రోజూ జారిపడేంత నునుపు నేల ఎక్కడుందో నాకు అర్థమయ్యేది కాదు.

తాగేవాడా అని అందరూ అడుగుతారు. తాగడు. బీడీ కూడా ముట్టడు. తాగుబోతయితే సీసాను తిట్టుకునేవాళ్ళం, ఆ సుఖం కూడా మాకు లేకుండా చేశాడు మహానుభావుడు. స్నానం చేసి, విభూతి పెట్టుకుని, ఉతికిన బనీను తొడుక్కుని మరీ కొట్టేవాడు. కూరలో ఉప్పు, ఆరేసిన బట్టల మీద ఎర్రదుమ్ము, నేను గట్టిగా నవ్వడం, ఏదైనా చాలు. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా చపాతీ కర్రతో అమ్మ ఎడమ మణికట్టు విరగ్గొట్టాడు. మంచం కింద నుంచి విన్నాను. ఎముక విరిగితే పెద్ద చప్పుడేమీ రాదు. అమ్మ అరుపే పెద్దగా వినపడింది.

ఆ కట్టు విప్పకముందే అమ్మ నన్ను తీసుకుని భోపాల్‌పట్నం పారిపోయింది. మూడో రోజు ఆయన బస్సు దిగి నేరుగా మామయ్య కల్లంలోకి వచ్చాడు. కల్లం నిండా మిరపకాయలు ఎండబోసి ఉన్నాయి. అడ్డొచ్చిన మామయ్యను పార తిరగేసి మోకాలి మీద కొట్టాడు. అమ్మను జుట్టు పట్టుకుని ఆ మిరపకాయల మీదుగా ఈడ్చాడు. కాయలు చిట్లి ఘాటు లేచింది. అందరం దగ్గుతున్నాం, అందరి కళ్ళూ మండుతున్నాయి. కొట్టేవాడూ దగ్గుతున్నాడు, దగ్గుతూనే కొడుతున్నాడు. తిరుగు బస్సులో, దారిలో వచ్చే మద్దేడ్ ఊరు దాటాక కూడా అమ్మ కళ్ళు తెరవలేకపోయింది. మామయ్య ఇప్పటికీ ఆ కాలు ఈడుస్తూనే నడుస్తాడు.

పందొమ్మిదేళ్ళప్పుడు ఒకసారి నేను తిరగబడ్డాను. ఇత్తడి చెంబు తీసి ఆయన చెవి మీద ఒక్కటిచ్చాను. రక్తం కారింది. ఆయన బిత్తరపోయి నిలబడ్డాడు. అమ్మ పరుగెత్తుకొచ్చి, నన్ను పక్కకు తోసేసి, ఆయన చెవికి పసుపు అద్దింది. ఆ రోజు అమ్మ మీద వచ్చినంత కోపం నాకు నాన్న మీద కూడా రాలేదు.

ఆయనకు అమ్మ చేసే సేవ ఇంకొకటి ఉంది. వర్క్‌షాపులో గ్రైండింగు చేసేటప్పుడు ఇనుపరజను ఎగిరి కళ్ళలో పడుతుంది. కళ్ళద్దాలు చెమటకు మసకేస్తాయని చాలామంది తీసేసేవారు. డాక్టరు దగ్గరికి పోతే కాగితం మీద పడుతుంది, కాగితం మీద పడితే మెడికల్ పరీక్షలో అన్‌ఫిట్ రాస్తారు, వెల్డింగు పోయి చీపురు చేతికొస్తుంది అని వాళ్ళ భయం. అందుకని ఒక పాత లౌడుస్పీకరులోని అయస్కాంతం దాచుకుని, కంటి ముందు ఆడించి, ఒకరి నలుసు ఒకరు తీసుకునేవారు. దానికీ రానిది ఇంటికొచ్చేది. అమ్మ ఆయన్ను బల్బు కింద కూర్చోబెట్టి, రెప్ప తిరగేసి, నాలుక కొసతో ఆ నలుసు తీసేది. తీసి అరచేతిలో ఉమ్మి చూపించేది. ముందు నాలుక, అరగంట తర్వాత దెబ్బ, రెండూ ఒకే సాయంత్రం జరగడం నేను చూశాను.

నేను రాయపూర్‌లో స్కానింగు టెక్నీషియను కోర్సు చదివి జగదల్‌పూర్‌లో ఒక సెంటరులో ఎమ్మారై మిషను మీద కుదిరాను. ఆ మిషను అంటేనే పెద్ద అయస్కాంతం. స్విచ్చు కట్టేస్తే ఆగేది కాదు, కరెంటు పోయినా లాగుతూనే ఉంటుంది. అందుకే లోపలికి పంపేముందు ప్రతి మనిషినీ ఒంట్లో ఇనుము ఉందా అని అడగాలి. మా వైపు మనుషులను ఆ ప్రశ్న అడగడం పెద్ద తంటా. గనివాళ్ళు నౌకరీ పోతుందని లేదంటారు. అడవి వైపువాళ్ళు నాటుతుపాకీ ఛర్రాలు, తూటా ముక్కలు ఒంట్లో ఉన్నా లేదంటారు. ఉందంటే ఎవరు పేల్చారు, నువ్వెటువైపు అని పోలీసులు అడుగుతారు కదా. ఒకసారి మరైగూడ నుంచి వచ్చిన రైతు ఒకాయన లేదు లేదని ఒట్టు పెట్టి లోపలికి పోయాడు. బల్ల కదలగానే తొడ పట్టుకుని కేకలు పెట్టాడు, లోపల ముక్క కదిలింది. బయటికి లాగి ఆయన మీద నేను అరిచిన అరుపుకు సెంటరంతా చప్పుడు లేకుండా అయిపోయింది. "రోగులు మిషనుకు భయపడాలా, నీకు భయపడాలా?" అన్నాడు మా డాక్టరు. ఫిలింలు చదివి రిపోర్టు రాసే పెద్దాయన, మంచివాడు, నా నోటిని భరించేవాడు.

నాన్నకు రిటైర్మెంటు ఇంకా ఏడాది ఉందనగా ఫిట్లు మొదలయ్యాయి. అప్పటికి అమ్మా నేనూ ఒక మాట అనేసుకుని ఉన్నాం. క్వార్టరు ఖాళీ చేసే రోజు ఆయన ఊరికి ఆయన, అమ్మ తన తమ్ముడి దగ్గరికి. మామయ్య ఇంటి వెనక ఒక గది వేయించి కిటికీకి ఆకుపచ్చ రంగు కూడా పూయించాడు. ఆ గది సంగతి చెప్పేటప్పుడు అమ్మ గొంతు చిన్నపిల్ల గొంతులా అయ్యేది. ఇంతలో ఈ ఫిట్లు. తలకు సీటీ తీస్తే ముందుభాగంలో, నుదుటి వెనక, గుండ్రని గడ్డ కనిపించింది.

ఇక చూడండి, ఆయనకు పండగొచ్చింది! "సూసినారా, నా తల్లో గెడ్డంట. ముందుభాగంలో ఉంటే కోపమొస్తాదంట. నానేటి సేస్తాను? అదే కొట్టించింది" అని లైను లైనంతా చెప్పుకున్నాడు. కోపం సంగతి ఎవరో డాక్టరు మాటవరసకు అన్నదే, అబద్ధమేమీ కాదు. కానీ ఆయన దాన్ని ముప్పై ఏళ్ళకు పరిచేశాడు. గోడ అవతలి భాయ్ వచ్చి ఆయన భుజం తట్టి, పాపం అన్నాడు. కుళాయి దగ్గర ఆడవాళ్ళు అమ్మతో, మీ ఆయన దేవుడే భాభీ, రోగం అలా చేయించింది అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. కోర్సులో ఉండగా ప్రాక్టీసు కోసం నా తల కూడా స్కాను చేశారు, శుభ్రంగా ఉంది. అయినా ఆ వారమే నేను తోటి అమ్మాయి మీద టిఫిను డబ్బా విసిరాను. దానికి ఏ గడ్డను చూపించను?

కానీ అమ్మ మారిపోయింది. మూట కట్టుకున్న చీరలు తీసి మళ్ళీ పెట్టెలో సర్దింది.

"ఏందమ్మా ఇది?" అన్నాను.

"గడ్డనే కొట్టిచ్చిందేమో బిడ్డా. రోగమున్నోన్ని ఇడిసిపెట్టి ఎట్ల పోత? గది యాడికి పోతది, ఉంటది" అంది.

"రోగం కాకపోతే?"

"కాకపోతే పోత. రోగమైతే ఉంట. నీ మిషన్‌ల సూసి జెప్పు. నువ్వు ఏది జెప్తే అదే."

అమ్మ తన బతుకు మొత్తాన్ని తెచ్చి నా చేతిలో పెట్టింది. నాకు భయం వేయలేదు, సంతోషం వేసింది. ఎలాగైనా ఆమెను ఆ ఆకుపచ్చ కిటికీ గదికి పంపాలని ఒకటే పట్టుదల.

న్యూరాలజిస్టు మూడు మాటలు చెప్పాడు. అది కేన్సరు గడ్డ అయినా కావచ్చు, టీబీ గడ్డ అయినా కావచ్చు, పురుగు వల్ల వచ్చిందైనా కావచ్చు. కేన్సరైతే పుర్రె తెరవాలి, మిగతావైతే మాత్రలు. సీటీలో మూడూ ఇంచుమించు ఒకేలా ఉంటాయి, ఎమ్మారైలో స్పెక్ట్రోస్కోపీ చేసుకురండి అన్నాడు. అలా నాన్న నా బల్ల దగ్గరికి వచ్చాడు.

గౌను తొడిగి కుర్చీలో కూర్చోబెట్టాను. అమ్మ పక్కనే నిలబడి ఆయన చొక్కా పట్టుకుంది. ఫారం తీసి అందరినీ అడిగినట్టే అడిగాను.

"కంట్లో ఎప్పుడైనా ఇనుపరజను పడిందా?"

"నేదు."

"ఎప్పుడూ?"

"ముప్పయ్యేళ్ళ సర్వీసు. ఒక్క నలుసు పడనేదు. రాసుకో" అని ఛాతీ విరుచుకున్నాడు.

అమ్మ వైపు చూశాను. ఆమె చొక్కా మడతపెడుతోంది. మడతపెట్టిందాన్ని విప్పి మళ్ళీ మడతపెడుతోంది. ఎన్ని నలుసులు ఆ నాలుకతో తీసిందో ఆమెకు తెలుసు, నాకూ తెలుసు. ఆమె నోరు విప్పలేదు. నేనూ విప్పలేదు. లేదు అన్నచోట టిక్కు పెట్టాను. ఆయన సంతకం చేశాడు.

మోచెయ్యి పట్టుకుని లేపి మిషను గది తలుపు దాకా నడిపించాను. కంటిగుడ్డులో ఒక్క నలుసు మిగిలి ఉన్నా చాలు, లోపల కోసుకుంటూ పోతుంది, చూపు పోతుంది. నన్ను ఎవరూ ఏమీ అనలేరు, సంతకం ఆయనదే. నేను ఇదంతా తాపీగా, వరసగా ఆలోచించాను. ఎవరో నాలో దూరి ఆలోచించలేదు. తలుపు పిడి మీద చెయ్యి వేశాను.

"నొప్పే, ఒదులే" అన్నాడాయన.

చూస్తే నా వేళ్ళు ఆయన మోచేతి కండలోకి దిగి ఉన్నాయి. ఆ మాట నేను ఎన్నో సాయంత్రాలు మంచం కింద నుంచి విన్నదే, అమ్మ గొంతులో. "అబద్ధాలకోరు మనిషీ! సిగ్గుందా నీకు? పద ఎక్స్‌రేకి!" అని ఆయన్ను వెనక్కి లాక్కొచ్చాను. అటెండరు, క్యూలో ఉన్న నలుగురు, అందరూ చూశారు. వాళ్ళకు నేను ముసలితండ్రిని ఈడ్చే కూతుర్ని.

కళ్ళకు రెండు ఎక్స్‌రేలు తీశాం, ఒకటి పైకి చూడమని, ఒకటి కిందికి చూడమని. ఎడమకంటి దగ్గర తెల్లటి చుక్క కనిపించింది. రెండు ఫిలింలలోనూ అది ఒకే చోట ఉంది. కన్నుతో పాటు కదల్లేదంటే గుడ్డులో లేదు, రెప్ప మందంలో ఉందన్నమాట. కంటి డాక్టరు మత్తిచ్చి కోసి తీశాడు. ఆవగింజలో సగం కూడా లేదు. నాన్న దాన్ని చూసి, "ఇదెప్పుడు పడిందో నాకేటి తెల్సు" అన్నాడు.

ఆ సాయంత్రం నా గదిలో అన్నం తింటూ అమ్మను అడిగాను, నువ్వెందుకు చెప్పలేదని.

"నువ్వెందుకు జెప్పలే?" అంది అమ్మ.

ఇద్దరం అన్నం కలుపుతూ కూర్చున్నాం.

కన్ను మానడానికి వారం పట్టింది. వారం తర్వాత ఆయన్ను బల్ల మీద పడుకోబెట్టి, తలకు చట్రం బిగించి, చేతిలో పిలుపు గంట పెట్టాను. మిషను దబదబా కొట్టడం మొదలుపెట్టగానే ఆయన పాదాలు వణికాయి. బయట అద్దం వెనక నుంచి చూస్తూ, వణుకు, బాగా వణుకు అనుకున్నాను.

ముందు బొమ్మలు తీశాను. బొమ్మలో గడ్డ ఎక్కడుంది, ఎంతుంది అన్నదే తెలుస్తుంది. అది దేనితో తయారయిందో తెలియాలంటే స్పెక్ట్రోస్కోపీ. తెర మీద ఆ గడ్డ పైన చిన్న చదరపు పెట్టె ఒకటి గీస్తాం. ఇక మిషను ఆ పెట్టె లోపలున్నదాన్ని మాత్రమే పలకరిస్తుంది. అయస్కాంతంలో ఒక్కో రసాయనం ఒక్కో స్థాయిలో మోగుతుంది, ఆ మోతలన్నీ ఒక గీతగా, ఎత్తుపల్లాలుగా తెర మీదికి వస్తాయి. ఒంట్లో ఎక్కువ భాగం నీళ్ళే కాబట్టి ముందు నీళ్ళ మోతను అణచాలి, లేదంటే మిగతావేవీ వినపడవు. పెట్టె పుర్రె వైపు ఒక్క పిసరు జరిగినా నెత్తి కొవ్వు కలిసి గీత అబద్ధం చెబుతుంది. నాన్న గడ్డ ఎముకకు దగ్గరగా ఉంది. పెట్టెను ఎంత చిన్నది చేయాలో అంత చేశాను. నాలుగుసార్లు జరిపాను. డాక్టరు వచ్చి చూసి, బాగా పెట్టావు, నడిపించు అన్నాడు.

"కదలకు! కదిలితే మళ్ళీ మొదటికొస్తుంది" అని మైకులో అరిచాను. కదల్లేదు. ఆయన నా మాట విన్న మొదటి పది నిమిషాలు అవే అనుకుంటాను. పెట్టెను రెండోవైపు, గడ్డ లేని చోట కూడా పెట్టి ఇంకో గీత తీశాం, పోల్చి చూసుకోవడానికి.

గీత వచ్చింది. కేన్సరు గడ్డయితే కోలిన్ అనేదాని శిఖరం ఎత్తుగా లేస్తుంది. ఇక్కడ అది లేవలేదు. ఆరోగ్యమైన నరాల శిఖరం అణిగిపోయి ఉంది. కుడి చివర కొవ్వు శిఖరం ఒక్కటే లావుగా నిలబడింది. చచ్చిపోయిన కణాల కొవ్వు అది. "టీబీ లాగానే ఉంది. ఛాతీ ఎక్స్‌రే కూడా చూద్దాం, కానీ పుర్రె తెరిచే పని ఉండదనుకుంటా" అన్నాడు డాక్టరు. తర్వాత ఛాతీలోనూ మచ్చ దొరికింది, న్యూరాలజిస్టు కూడా అదే అన్నాడు, మాత్రలు రాశాడు. ఏడాది పైన వాడాలి, కరిగిపోతుంది.

నాన్న బతుకుతాడు. ఆ మాటకు నాకు ఏడుపు రాలేదు, నవ్వు రాలేదు. నేను అడగాల్సింది వేరే ఉంది.

"సార్, ఇది ఎన్నేళ్ళది?"

"గీత అది చెప్పదు. పాత ఫిలిం ఏమైనా ఉందా?"

ఉంది! నాలుగేళ్ళ కింద వర్క్‌షాపు నిచ్చెన మీంచి పడితే విశాఖపట్నంలో రంగుమందు ఎక్కించి తీసిన తల స్కాను నా గదిలోనే పడి ఉంది. స్కూటీ వేసుకుని పోయి పట్టుకొచ్చాను. దారిలో ఎవరో అడ్డొస్తే నానా బూతులూ తిట్టాను. డాక్టరు రెండు ఫిలింలూ లైటు మీద పక్కపక్కన పెట్టి, కళ్ళజోడు పైకెత్తి చాలాసేపు చూశాడు.

"అప్పుడు ఏమీ లేదు. అదే చోటు, శుభ్రంగా ఉంది. అంటే ఈ నాలుగేళ్ళ లోపుదే. నన్నడిగితే ఇంకా కొత్తది" అన్నాడు.

నేను ఆ ఫిలింలు చేత్తో పట్టుకుని వరండాలోకి పోయాను. నాన్న బెంచీ మీద కూర్చుని పక్కనున్న ఎవరికో చెబుతున్నాడు: "కేన్సరు కాదంట. గెడ్డ మాత్రం గెడ్డే. దాని మూలానే ఇన్నాళ్ళూ ఇంట్లో..." అమ్మ ఆయనకు అరటిపండు ఒలిచి పెడుతోంది.

ఎలా చెప్పాలో ముందు ఆలోచించుకోవాల్సింది. ఆలోచించుకోలేదు. ఆయన గల్లా పట్టుకుని గోడకు నొక్కాను.

"చూడు! ఇది నాలుగేళ్ళ కిందిది. ఇందులో ఏముంది? ఏమీ లేదు! అమ్మ చెయ్యి విరిగినప్పుడు ఏ గడ్డ? మిరపకాయల మీద ఈడ్చినప్పుడు ఏ గడ్డ? మామయ్య కాలు ఏ గడ్డ విరగ్గొట్టింది? చెప్పు!"

ఆయన చెయ్యి లేచింది. రోగం, నీరసం, సూది గుచ్చిన చెయ్యి, అయినా అలవాటుగా లేచింది. నా చెంప మీద పడింది. నేను తిరిగి కొట్టబోయాను. అటెండరు నన్ను వెనక నుంచి పట్టుకున్నాడు. ఫిలింలు కిందపడ్డాయి. అరటిపండు ఎవరి కాలి కిందో నలిగింది.

"సిన్నప్పుట్నించీ ఉండుంటాది. ఆ పిలింలో కనపడనేదు, అంతే" అన్నాడు నాన్న రొప్పుతూ.

అమ్మ వంగి రెండు ఫిలింలూ ఏరుకుంది. తలుపు దగ్గరికి వచ్చి నిలబడిన డాక్టరును, ఇది ముందు లేదా అని తనకొచ్చిన హిందీలో అడిగింది.

"సాబ్, పహలే నహీ థా?"

"నహీ, మా. పహలే నహీ థా."

అమ్మ బెంచీ మీద కూర్చుంది. అటెండరు పట్టు వదిలించుకుని ఆమె ముందు మోకాళ్ళ మీద కూలబడ్డాను. నాకు గెలుపు గెలుపుగా ఉంది, అదే నిజం. "విన్నావా అమ్మా? నాలుగేళ్ళ లోపుది. రోగం కాదు. ఇక నువ్వు పోవచ్చు" అన్నాను.

ఆమె నన్ను చూడలేదు. పాత ఫిలింను వెలుతురుకు ఎత్తి పట్టుకుని, ఏమీ లేని ఆ చోటును చూస్తోంది.

"ఏం లేకుంటనే కొట్టిండా నన్ను?" అంది.

నేను ఆ ఫిలిం అందుకోబోయాను, ఆమె వదల్లేదు.

"ఏదో ఉన్నది అనుకున్న బిడ్డా. దయ్యమో, గాలో, గీ గడ్డో. మనిషి మంచోడే, లోపల ఏదో ఉండి కొట్టిస్తున్నది అనుకున్న. గది అనుకునే గిన్నేండ్లు తిన్న, పన్న, లేచిన. ఏం లేకుంటనే కొట్టిండా?"

అప్పుడు ఏడ్చింది. చెయ్యి విరిగిన రోజు కూడా ఇలా ఏడవలేదు. ఛాతీ మీద గుద్దుకుంటూ, వరండా అదిరేలా ఏడ్చింది. ఎవరైనా చచ్చిపోతే ఏడుస్తారే, ఆ ఏడుపు. జనం మూగారు. నేను పట్టుకోబోతే నన్ను విదిలించేసింది. ఆమెను కాపాడుతున్నాననుకుంటూ ఆయన కొట్టిన దెబ్బలన్నిటి కంటే పెద్ద దెబ్బ నేను కొట్టానని నాకు అప్పుడు తెలిసింది. నాన్న గోడ వైపు తిరిగి కూర్చున్నాడు.

ఆ రాత్రి నా గదిలో ముగ్గురం మూడు మూలల పడుకున్నాం. తెల్లారి అమ్మ లేచి, మాత్రలన్నీ విడివిడిగా డబ్బాల్లో సర్దింది. ఆయనకు గంజి కాచి పెట్టింది. ఆయన, "నువ్వెళ్ళిపోతే నాకెవులే దిక్కు?" అన్నాడు. అమ్మ ఆయన ముఖం వంక ఒకసారి చూసింది. ఇంతకాలం వెతికినది ఆ ముఖంలో ఇంకా ఏమైనా ఉందేమోనని చూసినట్టు అనిపించింది నాకు. తర్వాత సంచీ అందుకుంది.

బస్టాండులో బీజాపూర్ మీదుగా పోయే బస్సు సిద్ధంగా ఉంది. కిటికీ సీటు దొరికింది. నేను కింద నిలబడ్డాను. తమాషా ఏమిటంటే, వద్దమ్మా, పోవద్దు అనాలనిపించింది.

"ఎర్ర డబ్బల గోలీలు పరగడుపున ఇయ్యాలె. కక్కుకుంటే గంట ఆగి డాక్టర్‌ను అడిగి మల్ల ఇయ్యి" అంది.

"సరే."

"సతాయిస్తడు. గోలీ ఉమ్మేసినా ఉమ్మేస్తడు."

"తెలుసు."

డ్రైవరు ఎక్కి ఇంజను ఆన్ చేశాడు. అమ్మ కిటికీ చువ్వల్లోంచి చెయ్యి చాచి నా కుడిచెయ్యి మణికట్టు దగ్గర గట్టిగా పట్టుకుంది.

"నువ్వు కొట్టకు బిడ్డా" అంది.

కొట్టనన్నాను. మూడు నెలలే ఆ మాట మీద నిలబడ్డాను.